ఈరోజు చేతికి జనతా – టీకా తాత్పర్య సహితం

మూలం:
ఈరోజు చేతికి జనతా. డెబ్బైల నాటిది. నాన్నగారిది. సర్వీసు చేయించాను. టైము చూడకండి.

అవతారిక. పొద్దున్నే కాఫీ తాగీతాగకముందే, ఆ రోజు తాము ఏ వాచీ పెట్టుకున్నదీ తోటి వాచీ ప్రియులకు ఫొటోతో సహా తెలియజేసుకునే ఆచారం ఒకటి దేశదేశాల్లో ఉంది. ఆ ఫొటోను వాళ్లు రిస్ట్ షాట్ అంటారు. ఒక ఎడమ మణికట్టు, చొక్కా చేతి అంచు, వెనకాల కారు స్టీరింగో కాఫీ గ్లాసో ఉంటే అది శాస్త్రోక్తమైన రిస్ట్ షాట్. పై మూలం అలాంటి ఫొటో కింద ఉండే మాట. కొలచల మల్లినాథసూరి మన మెదక్ సీమవాడు. కాళిదాసుకు వ్యాఖ్య రాయబోతూ, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ముందే మాట ఇచ్చాడు. కాళిదాసు దగ్గర ఆ నియమం చెల్లింది. వాచీల దగ్గర చెల్లదు. అక్కర్లేనిదంతా తీసేస్తే ఇక్కడ మిగిలేది సెల్‌ఫోను.

ఈరోజు = నేటి దినమున. ఒకే వాచీ ఉన్నవాడు ఈ మాట వాడడు. పెళ్లిలో మామగారు పెట్టిన వాచీని రిటైరయ్యేదాకా పెట్టుకున్న గుమాస్తాకు ‘ఈరోజు’ అనవలసిన అవసరం ఒక్కనాడూ రాలేదు. పగలు భోంచేయని దేవదత్తుడు లావుగా ఉన్నాడంటే రాత్రిపూట తింటున్నాడని మీమాంసకులు తేల్చారు. దాన్ని అర్థాపత్తి అన్నారు. అలాగే ‘ఈరోజు’ అన్నాడంటే బీరువాలో ఇంకా ఉన్నాయని సిద్ధం. ఎన్ని అన్నది భార్యకు కూడా చెప్పని విషయం కనుక వ్యాఖ్యాత ఊహించరాదు.

చేతికి = షష్ఠి. క్రియ లేదు, అధ్యాహారం చేసుకోవాలి. ఏ క్రియ అన్నదానిపై భేదాభిప్రాయాలున్నాయి. తోలు పట్టీ అయితే కట్టుకుంటాం, స్టీలు గొలుసైతే తొడుక్కుంటాం, ఏదైనా సరే పెట్టుకుంటాం. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు యూరపులో ఈ మూడు క్రియలూ ఎక్కువగా ఆడవాళ్లవే. మగవాడి గడియారం కోటు జేబులో గొలుసుకు వేలాడేది, చేతికి పెట్టుకునేది నగ కింద లెక్క. కందకంలో తుపాకీ పట్టుకున్నవాడికి జేబులో వెతుక్కునే తీరిక లేకపోయింది. నగ సిపాయి చేతికి ఎక్కింది, యుద్ధం అయిపోయినా దిగలేదు. మన భాషలో ఆ చోటి పేరు మణికట్టు. నగలకు అక్కడ ఎప్పుడో చోటు కేటాయించి పెట్టారన్నమాట.

జనతా = ప్రజ అని నిఘంటువు, హెచ్.ఎం.టి. అని లోకం. మూలానికి గుండెకాయ ఈ మాటే కనుక ఇక్కడ కాస్త ఆగాలి. హిందుస్థాన్ మెషిన్ టూల్స్ పేరుకు తగ్గట్టు యంత్రాలు చేసే యంత్రాలు తయారుచేసిన ప్రభుత్వ సంస్థ. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాంకేతిక సాయంతో బెంగళూరులో వాచీలు మొదలుపెట్టింది. తొలి విడతను నెహ్రూ విడుదల చేశారు. తరవాత తుమకూరు, శ్రీనగర్, రాణీబాగ్‌లలో కూడా ఫ్యాక్టరీలు వచ్చాయి. పైలట్, సోనా, కోహినూర్, కాంచన్ అంటూ ఎన్ని పేర్లు పెట్టినా, తెల్ల డయలూ సన్నటి ముళ్లూ ఉన్న జనతా తన పేరుకు తగ్గట్టే బతికింది. కొన్ని డయళ్ల మీద ఆ పేరు దేవనాగరిలో ఉంటుంది. అందులో సెల్లు లేదు, తేదీ లేదు. పక్కనున్న బుడిపెను, అంటే కీని, రోజూ తిప్పాలి. తిప్పుతుంటే గరగరమని చిన్న చప్పుడొస్తుంది. చివర వేలికి ఎదురు తగలగానే ఆపాలి. పూర్తిగా కీ ఇస్తే ఒకటిన్నర రోజు నడుస్తుంది, తరవాత పడుకుంటుంది. బీరువాలో డజను వాచీలున్నవాడికి ఏ పూటా పదో పదకొండో పడుకునే ఉంటాయి. ‘ఈరోజు’ అని ఒకదాన్ని లేపడమంటే దానికి కీ ఇచ్చి ప్రాణం పోయడం. మల్లినాథుడి వ్యాఖ్య పేరు సంజీవని, జనతాకు కీయే సంజీవని.

డయలు మీద 17 జ్యువెల్స్ అని ఉన్న వాచీని చూసి, అవి అమ్మితే ఇల్లు కట్టుకోవచ్చని నమ్మిన పెద్దలు ఉండేవారు. అవి కృత్రిమ కెంపులు. చక్రాల ఇరుసులు అరిగిపోకుండా వాటి కింద కూర్చే గట్టి రాళ్లు. కెంపును కొలిమిలో చేసే పద్ధతిని ఫ్రాన్సులో వెర్నాయ్ 1902లో ప్రకటించాక వాటి ధర నేలకు దిగింది. అయినా మణికట్టు మీద 17 మణులన్న లెక్కలో శ్లేష చెడలేదు.

పాఠాంతరం. హైదరాబాదు ప్రతుల్లో ‘జనతా’ అన్నచోట ‘ఆల్విన్’ అనే పాఠం కనిపిస్తుంది. ఫ్రిజ్‌లూ బస్సు బాడీలూ చేసిన హైదరాబాద్ ఆల్విన్ 1980లలో జపాన్ సైకో సాయంతో వాచీలు కూడా చేసింది. మియాపూర్ వైపు వెళ్లే వాళ్లకు ఆల్విన్ అంటే ఇప్పుడు ఒక కాలనీ, ఒక చౌరస్తా. సొరుగులో ఆల్విన్ వాచీ దొరికినవాడు దాన్ని ఫొటో తీసేటప్పుడు కొంచెం ఎక్కువే మురుస్తాడు. ఈ వ్యాఖ్యాతకు ఆ పాఠమంటే పక్షపాతం ఉంది, దాచడం ఎందుకు?

డెబ్బైల నాటిది = అని కర్త నమ్మకం. ఇక్కడ ప్రక్షిప్త విచారం తప్పదు. 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం హెచ్.ఎం.టి. వాచీల కంపెనీని మూసేయడానికి ఆమోదం తెలిపింది. బతికుండగా అడిగినవాళ్లు తక్కువైన వాచీకి పోయాక గిరాకీ లేచింది. పాత మెషినుకు కొత్తగా రంగు వేసిన డయలు బిగించి అమ్మేవాళ్లు బయల్దేరారు. వాచీ లోకం వాటికి ముంబై స్పెషల్ అని పేరు పెట్టింది. కొందరు పండితులు వాటిని చూస్తే మొహం తిప్పుకుంటారు, కొందరు తెలిసే కొని ఆ చిలకపచ్చ డయలును ముచ్చటగా పెట్టుకుంటారు. పట్టుకోవడం ఎలా? కంటికి అద్దం పెట్టుకుని డయలు మీది అక్షరాలు చూడాలి. అసలువి వెంట్రుకంత సన్నగా, అంచు తెగినట్టు ఉంటాయి. మళ్లీ రాసినవి సిరా పీల్చిన కాగితం మీద రాతలా ఉబ్బుతాయి. నిమిషాల గీతలు గంటల గుర్తులకు ఎదురుగా రాకుండా పక్కకు జరుగుతాయి. తాళపత్రంలో లేఖకుడి తప్పును బట్టి ప్రతి ఏ శాఖదో చెప్పినట్టే ఇదీను.

నాన్నగారిది. ఈ పదానికి టీక అక్కర్లేదు. మూలంలో విరుపు ఇక్కడుంది, ఫొటోలో పాత తోలు పట్టీకి మూడో బెజ్జం సాగి ఉంది. కొడుకు రెండో బెజ్జానికి పెట్టుకున్నాడు.

సర్వీసు చేయించాను = ఎవరిచేత అన్నది శేషం. బజారులో మెట్ల కింద గాజు పెట్టెంత బల్ల, దాని వెనక నుదుటికి తీగ చుట్టి కంటికి అద్దం తగిలించుకున్న మనిషి. వెనక మూత విప్పి, రబ్బరు బుడ్డితో గాలి కొట్టి, చక్రాలను చిన్న గిన్నెలో పెట్రోలులో ముంచి తీసి, గోరంత బ్రష్షుతో తుడుస్తాడు. ఆ మూత లోపలివైపు చూసే భాగ్యం కర్తకు ఆ రోజే కలిగింది. అక్కడ సూదిమొనతో గీసిన అంకెలు, పొట్టి సంతకాలు నాలుగైదు ఉన్నాయి. వాచీని విప్పిన రిపేరువాళ్లు తేదీనో తమ గుర్తునో అలా గీసి పెట్టుకోవడం వాడుక. నాన్నగారు ఎన్నిసార్లు, ఏయే ఏళ్లలో రిపేరుకిచ్చారో అక్కడ రాసి ఉంది. ఇంట్లో ఎవరికీ తెలియదు. మన మెకానిక్ కూడా సూది తీసుకుని పక్కనే ఇంకో గీత గీశాడు. పూర్వ వ్యాఖ్యాతల సరసన కొత్త వ్యాఖ్యాత.

టైము చూడకండి. పూర్వపక్షం: గడియారం ఫొటో పంపి టైము చూడొద్దనడం, అన్నం వడ్డించి తినొద్దన్నట్టు లేదా? సమాధానం: లేదు. జనతాలో బాలెన్స్ చక్రం గంటకు 18,000 సార్లు కొట్టుకుంటుంది, అంటే సెకనుకు అయిదు, రోజుకు 4,32,000. పాత వాచీ రోజుకు అర నిమిషం తప్పినా 86,400 సెకన్లలో 30 పోయినట్టు, నూటికి 0.035 వంతు. ఆ మాత్రం తేడా ఏ ఇంటి చిట్టాలోనైనా ఉంటుంది. కానీ క్వార్ట్జ్ వచ్చి ఈ మర్యాదను చెడగొట్టింది. సైకో ఆస్ట్రాన్ 1969 డిసెంబరు 25న టోక్యోలో అమ్మకానికొచ్చింది. ఇప్పటి మామూలు క్వార్ట్జ్ వాచీలో స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది, నెలకు తేడా కొద్ది సెకన్లే. ఫుట్‌పాత్ మీది ప్లాస్టిక్ వాచీ ముందు స్విస్ మెకానికల్ వాచీ కూడా తలవంచాల్సిందే.

ఆస్ట్రాన్ వచ్చిన 1969లోనే, జులైలో చంద్రుడి మీద దిగేటప్పుడు ఆర్మ్‌స్ట్రాంగ్ తన ఒమేగా స్పీడ్‌మాస్టర్‌ను వ్యోమనౌకలోనే వదిలాడు, లోపలి టైమర్ పాడైంది కనుక. ఆల్డ్రిన్ మాత్రం సూటు మీద కట్టుకునే దిగాడు. చంద్రుడి మీద హ్యూస్టన్ టైముతో పెద్ద పనేమీ లేదని తరవాత ఆయనే ఒప్పుకున్నాడు. రిస్ట్ షాట్ సంప్రదాయానికి అంతకన్నా ప్రమాణమేం కావాలి?

తాత్పర్యం: ఫొటోలో ముళ్లు నాలుగూ ఇరవై చూపిస్తున్నాయి. సందేశం పంపింది పొద్దున ఏడూ పన్నెండుకి. కీ ఇచ్చాడు, కట్టుకున్నాడు, ఫొటో తీశాడు, టైము సరిచేయడం మరిచాడు. బస్సు వేళ అయిందేమోనని ఫోన్లో చూసుకుని పరిగెత్తాడు.