శ్రుతి సరే, టైమో?

కృష్ణానగర్ సందులో ఓ రికార్డింగ్ స్టూడియో. బుకింగ్ పదింటికి. పదకొండుకు ఫోన్ చేస్తే గాయకుడుగారు "అమీర్‌పేట దాటేశానన్నా, ఐదే నిమిషాలు" అన్నారు. వెనకాల కుక్కర్ విజిల్ వేసింది. మైకులతో బతికే ఇంజినీర్‌కి ఆ మాత్రం చెవులుండవూ?

పన్నెండున్నరకు వేంచేశారు, నలుగురు మిత్రులతో. టీలయ్యాయి, మైకు ముందు సెల్ఫీలయ్యాయి. పాట కాగితం మాత్రం ఇంట్లో మరిచారట. రెండింటికి తర్వాతి పార్టీ తలుపు కొడితే "ఇంకొక్క టేక్ అన్నా!"

వెనకటికి మద్రాసులో వాద్యబృందమంతా ఒక్కసారే కూర్చుని వాయించేది. ఒకరు ఆలస్యమైతే హాలంతా గోళ్లు గిల్లుకునేది. ఇప్పుడు ఎవరి ట్రాక్ వాళ్లదే, ఆ సిగ్గూ పోయింది. తప్పిన శ్రుతిని సాఫ్ట్‌వేర్ సరిచేస్తుంది, జారిన తాళాన్ని గ్రిడ్‌లోకి లాగుతుంది. మనిషిని మంచం మీంచి లాగే ప్లగిన్ మాత్రం ఇంకా రాలేదు.

స్టూడియో ఓనర్లూ, మొహమాటం చాలించండి. సగం సొమ్ము ముందే పుచ్చుకోండి. మీటరు ఆయన గొంతు సవరించుకున్నప్పటి నుంచి కాదు, బుక్ చేసుకున్న గంట నుంచే తిప్పండి. టైము కాగానే తలుపు తీయండి. బయట నిలబడ్డవాళ్లూ డబ్బులిచ్చే వచ్చారు.