బజర్ కూసింది, వైరింగ్ ఓకే!

ఎర్రగుంట్ల నాలుగు రోడ్ల కూడలిలో కారు స్టార్ట్ కాకపోతే ప్రొద్దుటూరు వైపు తోసినా, జమ్మలమడుగు వైపు తోసినా వైద్యం ఒకటే. ‘‘బ్యాటరీ పోయింటాదన్నా, మార్చి సూద్దాం.’’ కొత్త బ్యాటరీ ఊపుకు బండి నాలుగు రోజులు తిరుగుతుంది. మళ్లీ టకటక. ఈసారి సెల్ఫ్ మోటార్. ఆపైన ఆల్టర్నేటర్. అన్నీ అయ్యాక, గొంతు తగ్గించి, ‘‘ఈసీఎం కొట్టేసినట్టుందన్నా.’’ అంటే ఇంజిన్ కంప్యూటర్.

ఈ పద్ధతిలో మెకానిక్‌కు ఓటమే లేదు. బండి కదిలితే ఆయన హస్తవాసి, కదలకపోతే మీ బండి జాతకం. బిల్లు మాత్రం ఎటు తిరిగినా మీదే.

అలాగని శాస్త్రం లేదనకండి, మల్టీమీటర్ ఉంది! బజర్‌లో పెట్టి ఎర్త్ వైరు రెండు కొసలూ తాకిస్తే కీమంటుంది. ‘‘సూడన్నా, వైరింగ్ ఓకే!’’ ఆ కూతకు ఒక్క రాగి పోగు చాలు. సెల్ఫ్ మోటార్‌కు మాత్రం వంద ఆంపియర్లైనా కావాలి. ఎర్త్ బోల్టు కింద తుప్పు పట్టి 0.05 ఓమ్ అడ్డు తగిలితే వంద ఆంపియర్లకు 5 వోల్టులు అక్కడే హరీమంటాయి. ఆ కాస్త అడ్డు బజర్‌కు ఆనదు.

మీటర్‌ను డీసీ వోల్టులకు తిప్పి, ఒక పిన్ను బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజిన్ ఇనుము మీద పెట్టి సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్టు దాటిందా, దొంగ ఎర్త్ దారిలోనే ఉన్నాడు. నిమిషం పని. పార్టు అమ్ముడుపోదు కాబట్టి ఈ పరీక్షకు గిరాకీ లేదు.

స్కానర్ వచ్చాక భక్తి ఇంకా ముదిరింది. తెర మీద పీ0335 పడితే చాలు, క్రాంక్ సెన్సర్‌కు ఆర్డరు. ఆ కోడ్ చెప్పేది సిగ్నల్ సరిగా లేదని మాత్రమే. ఆ దారిలో సెన్సర్‌తో పాటు కనెక్టరూ ఉంది, ఎలుక కొరికిన వైరూ ఉంది. సిమెంటు దుమ్ము, నాపరాళ్ల పొడి బానెట్‌లో పేరుకునే ఊళ్లో, దాని మీద ప్రెషర్ నీళ్లు కొట్టించే మనకు, మొదటి అనుమానం కనెక్టర్ మీద రావద్దూ? కొండను తవ్వి ఎలుకను పట్టారని నవ్వుతాం గానీ, మనోళ్లు కొండంత బిల్లు తవ్వీ ఎలుకను వదిలేస్తారు.

ఫ్యూజు కథ ఇంకా చిన్నది. 15 ఆంపియర్ల నీలం ఫ్యూజు కాలుతోందని 30 ఆంపియర్ల ఆకుపచ్చది పెట్టారు. ఫ్యూజు కాలడం మానింది. వైరు మొదలెట్టింది.

పాపమంతా షెడ్డుదే కాదు. వేలు పోసి పార్టు కొనే మారాజే, అరగంట మీటర్ పట్టి వెతికినందుకు వందలు అడిగితే ‘‘సూసినందుకు గూడా దుడ్లేందిబ్బా?’’ అంటాడు. చూపుకు కూలి ఇవ్వని ఊళ్లో చూసేవాడెందుకు మిగులుతాడు? వెతికినందుకు డబ్బులివ్వండి. పాతది పోయిందని రీడింగుతో చూపించేదాకా కొత్త పార్టు డబ్బా విప్పనివ్వకండి.