కమాండ్‌లైన్ ప్రోగ్రామునకు ఖాతా తగిలించు విధము

నాయనా, సిడ్నీలోని పారమాటా మొదలు మెల్‌బోర్న్‌లోని టార్నీట్ వరకు మన తెలుగువారి యిండ్లలో, రాత్రి భోజనములైన పిదప ల్యాప్‌టాపు తెరచి సొంత ప్రోగ్రాములు వ్రాసికొను యువకులు పెక్కండ్రు గలరు. వారిలో నొకడవైన నీవు, నల్లని తెరపై రెండు మాటలు టైపు చేసినంతనే చెప్పిన పని చేసి మారుమాటాడక తప్పుకొను కమాండ్‌లైన్ ప్రోగ్రాము నొకదానిని వ్రాసి, అది పదిమంది మెప్పు వడసినంతనే, వాడుకరుల ఖాతాలును, ఎన్‌క్రిప్షన్‌తో కూడిన క్లౌడ్ నిల్వయు చేర్చిననేగాని దానికి గౌరవము దక్కదని యెవరో చెప్పగా విని, ఆ విధానమెట్టిదని నన్నడుగుచున్నావు. అడిగినవానికి దాచుట విద్యావంతుల లక్షణము గాదు గావున, అనుభవజ్ఞులు నడచిన త్రోవనే సోపానక్రమముగా వివరించెదను.

మొదటి సోపానము: పూర్వులను మరువుము. నీవున్న దేశముననే, కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో, 1996వ సంవత్సరమున ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మకెరాస్ అను నిరువురు ఆర్‌సింక్ అను ప్రోగ్రామును వెలువరించిరి. అది ఫైలును ముక్కలుగా విభజించి, ఒక్కొక్క ముక్కకు చెక్‌సమ్ము గట్టి, ఆవలి యంత్రములోని ముక్కలతో పోల్చి చూచి, అక్కడ లేని భాగమును మాత్రమే పంపును. నెట్‌వర్కు మందకొడిగా నడచిన ఆ దినములలో అది యెంతటి మేలో వేరుగ చెప్పనక్కరలేదు. నేటికిని ప్రపంచమందలి సర్వరులపై నిత్యము పనిచేయుచున్న ఆ ప్రోగ్రాము, ఇన్నేండ్లలో నొక్కనాడైనను తన్ను వాడుకొనువాని ఈమెయిలును గాని, ఫోన్ నంబరును గాని అడిగిన పాపమున పోలేదు. ఇట్టి దృష్టాంతము మనస్సున నిలిచినచో లాగిన్ పేజీ వ్రాయుటకు చేయి రాదు గావున, దానిని తలపునకు రానీయకుము.

రెండవ సోపానము: పనికి ముందే పేరడుగుము. పేరుతో తృప్తిపడక ఈమెయిలును, ఫోన్ నంబరును, పుట్టిన తేదీని గూడ రాబట్టుము. ఫైలులోని పంక్తులు లెక్కించుటకు పుట్టిన తేదీ యేలయని యెవడైన నడిగినచో, ‘మీ అనుభవమును మెరుగుపరచుటకు’ అని సమాధానమిమ్ము. ఆ వాక్యమునకు అర్థము లేదు గావున ఖండనమును లేదు. పిమ్మట లాగిన్ అనగానే బ్రౌజరు తెరచుకొనునట్లు వ్రాయుము. బ్రౌజరు లేని సర్వరులపై పనిచేయువారి కొరకు, తెరపై చిన్న కోడు నొకదానిని చూపి, దానిని ఫోనులో నమోదు చేయించి, అనుమతి వచ్చువరకు ప్రోగ్రామును వేచియుంచు పద్ధతి 2019లోనే ప్రమాణముగా నేర్పడినది. దాని జోలికి పోకుము. అట్లయినచో వేళకు పనులు నడుపు క్రాన్ రాత్రి రెండు గంటలకు మేల్కొలిపిన బ్యాకప్పు, లాగిన్ గడువు తీరిన సంగతి గ్రహించి, ‘బ్రౌజరు తెరచుటకు ఎంటర్ నొక్కుడు’ అని మనుష్యసంచారము లేని డేటాసెంటరులో నెవరినో ప్రార్థించుచు తెల్లవారువరకు నిలిచియుండును. పిల్బరా గనుల యొద్ద సిగ్నలు లేని చోట నున్న ఇంజనీరు తన ల్యాప్‌టాపులోని ఫైలునే తాను తెరవబోయినను, ‘మీరెవరో ధ్రువీకరింపజాలకున్నాము’ అను సందేశము తప్పక కనబడవలెను.

మూడవ సోపానము: టోకెనును బహిరంగముగా నుంచుము. లాగిన్ సఫలమైనప్పుడు వచ్చు రహస్యపు టోకెనును భద్రపరచుటకు మాక్, విండోస్, లినక్సులన్నిటను ప్రత్యేకమైన యేర్పాట్లు కలవు. వానిని నేర్చుకొనుటకు ఒక సాయంకాలము వృథా యగును. హోమ్ డైరెక్టరీలో చుక్కతో మొదలగు పేరుగల ఫైలునందు దానిని ఉన్నదున్నట్లు వ్రాసి, చదువు అనుమతి సర్వులకును ప్రసాదింపుము. అంతకంటెను సులభమగు మార్గము కావలెనన్నచో, పాస్‌వర్డును కమాండు చివరనే టైపు చేయుమని సహాయపత్రమున బోధింపుము. అప్పుడది షెల్ హిస్టరీ ఫైలులో శాశ్వతముగా నిలిచిపోవుటయే గాక, ప్రోగ్రాము నడచుచున్నంతసేపును ఆ యంత్రముపై నున్న తక్కినవారు ‘పీయస్’ అని రెండక్షరములు కొట్టి చూచుకొనుటకు సైతము వీలగును.

నాలుగవ సోపానము: తాళము వేయుము, చెవి నీయొద్దనే యుంచుకొనుము. ఇది సర్వములోను కీలకము. అమెరికా ప్రభుత్వము ఎన్‌క్రిప్షన్ ఎగుమతిపై ఆంక్షలు విధించియున్న 1990ల నడుమ, బ్రిస్బేన్‌లో ఎరిక్ యంగ్, టిమ్ హడ్సన్ అనువారు ఎస్‌ఎస్‌ఎల్‌ఈఏవై అను గుప్తీకరణ లైబ్రరీని వ్రాసి, క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయపు మనస్తత్వశాస్త్ర విభాగము సర్వరునుండి లోకమునకు ఉచితముగా పంచిపెట్టిరి. 1998 చివర దానినుండియే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ జనించినది. ఇట్టి సామగ్రి చేతికందుబాటులో నున్నది గావున, గుప్తీకరణము నేడు కష్టము గాదు. కష్టమైనది తాళపుచెవి యెవరియొద్ద నుండవలెనను ప్రశ్న. వాడుకరి పాస్‌వర్డునుండి ఆర్గాన్2 వంటి పద్ధతితో అతని యంత్రముననే చెవిని పుట్టించి, సర్వరునకు అర్థముగాని అక్షరరాశిని మాత్రమే పంపువారు కలరు, వారిని అనుకరింపకుము. ఫైళ్లు నీ సర్వరునకు చేరిన పిదప నీ చెవితోనే తాళము వేసి, ముఖపుటపై ‘సైనికస్థాయి భద్రత’ అని పెద్దక్షరములతో వ్రాయించి, దాని క్రిందనే ‘పాస్‌వర్డు మరచితిరా?’ అను మీట నుంచుము. మరచినవానికి కొత్త పాస్‌వర్డుతోపాటు పాత ఫైళ్లన్నియు నిమిషములో తిరిగి లభించినచో, ఆ ఫైళ్లను విప్పగల చెవి మొదటినుండియు కంపెనీయొద్దనే యున్నదని బోధపడవలసినదే. కాని తన ఫైళ్లు దొరకిన సంతోషములో నా సంగతి విచారించువా డరుదు.

ఐదవ సోపానము: ప్రభుత్వమువారి కొరకు పీట వేయుము. 2017 జూలైలో నాటి ప్రధాని మాల్కమ్ టర్న్‌బుల్, ఎన్‌క్రిప్షన్ విషయమై మాటాడుచు, గణిత నియమములు శ్లాఘనీయములే యైనను ఆస్ట్రేలియాలో చెల్లునది ఆస్ట్రేలియా చట్టమొక్కటియేయని సెలవిచ్చెను. మరుసటి యేడు డిసెంబరు 6న అసిస్టెన్స్ అండ్ యాక్సెస్ చట్టమునకు పార్లమెంటు ఆమోదము లభించినది. దానియందు అధికారులు కంపెనీలను సహాయమడుగుటకు మూడు మెట్లు గలవు: సహాయము చేయుమని కోరునది మొదటిది, నీకిదివరకే సాధ్యమైన సహాయమును తప్పక చేయుమని శాసించునది రెండవది, లేని సామర్థ్యమును నిర్మింపుమని శాసించునది మూడవది. వ్యవస్థ యంతటికిని బలహీనత కల్పింపుమని మాత్రము నిన్ను నిర్బంధింపరాదని ఆ చట్టమే చెప్పుచున్నది. ఇట్టి నోటీసు వచ్చినదని అనుమతి లేక బయటపెట్టినవానికి ఐదేండ్లవరకు కారాగారమని గూడ చెప్పుచున్నది. చెవి నీయొద్దనే యున్నచో మూడవ మెట్టువరకు పోవు శ్రమ అధికారులకు తప్పును. వారంటుతో వచ్చినవారిని రెండవ మెట్టుననే సంతుష్టులను గావించి పంపవచ్చును.

ఆరవ సోపానము: క్షమాపణ లేఖను ముందుగనే వ్రాసియుంచుము. ఈ దేశమున, చట్ట పరిధిలోని సంస్థలలో, తీవ్రహాని కలిగింపగల డేటా చౌర్యము జరిగినచో బాధితులకు తెలియజేయవలెనను నియమము 2018 ఫిబ్రవరినుండి అమలులో నున్నది. 2022 సెప్టెంబరులో ఆప్టస్ అను టెలిఫోను సంస్థనుండి సుమారు 95 లక్షలమంది వివరములు పోయినవి. ప్రవేశ నియంత్రణము సరిగా లేని ఏపీఐ మార్గమే దానికి ద్వారమని నియంత్రణసంస్థ ఆరోపించినది. మరుసటి నెలలో ఆరోగ్యబీమా సంస్థయగు మెడిబ్యాంకునుండి సుమారు 97 లక్షలమంది వివరములు పోగా, కాంట్రాక్టు ఉద్యోగి యొకడు తన బ్రౌజరులో దాచుకొన్న పాస్‌వర్డు దొంగలకు దొరకినదనియు, లోనికి పోవు ద్వారమున రెండవ ధ్రువీకరణము లేదనియు ఇన్ఫర్మేషన్ కమిషనరు న్యాయస్థానమున ఆరోపించిరి. 2022 డిసెంబరులో, తీవ్రమైన ఉల్లంఘనలకు గరిష్ఠ జరిమానాను 5 కోట్ల డాలర్లకును, కొన్ని సందర్భములలో అంతకంటె నెక్కువకును పెంచిరి. నీ లేఖ మాత్రము ‘మీ భద్రతయే మాకు సర్వస్వము’ అని ఆరంభము కావలెను. ఏమి పోయినదో నాలుగవ పేరాకు ముందు చెప్పరాదు.

ఈ యారు సోపానములెక్కు ఓపిక లేనివాడు అడ్డదారి పట్టును. అట్టివాడు పేరడుగడు, ఖాతా తప్పనిసరియైనచో ఈమెయిలుతో సరిపుచ్చును, తాళపుచెవిని వాడుకరియొద్దనే విడిచి, పాస్‌వర్డు మరచినచో ఫైళ్లు పోవునని మొదటి దినముననే నిష్ఠురముగా చెప్పివేయును. అధికారులు వచ్చినను, దొంగలు వచ్చినను, విప్పుటకు వీలుగాని అక్షరరాశి తప్ప వానియొద్ద నేమియు దొరకదు. ఇట్టివానికి పెట్టుబడిదారుల యెదుట చూపుటకు వాడుకరుల పట్టికయు లేదు, ఆ పట్టిక పోయినదని లోకమునకు చెప్పుకొను యోగమును లేదు. కాబట్టి వాని సహవాసము మానుము.