మంచినూనె గారికి బహిరంగ లేఖ

మంచినూనె గారికి,

మీ మీద నాకు పగేమీ లేదు. మీరు లేనిదే పోపు లేదు, పోపు లేనిదే మా ఇళ్లలో పప్పు గొంతు దిగదు. కాకపోతే కొంతకాలంగా మీరు చేస్తున్న పనికి నిందలు కూరగాయలు మోస్తున్నాయి. ఆ మాట నలుగురి ముందూ అడగాలనే ఈ ఉత్తరం.

మా అలియాబాద్ చుట్టుపక్కల ఇప్పుడు క్యాలరీల లెక్కలు జోరుగా నడుస్తున్నాయి. తుర్కపల్లి వైపు జీనోమ్ వ్యాలీ కంపెనీల షిఫ్టులకు పోయే పిల్లలు తిన్న ప్రతి ముద్దనూ ఫోన్లో రాసుకుంటున్నారు. మా అక్క కొడుకైతే ఏకంగా చిన్న తూకం మిషనే కొన్నాడు. దాని మీద దోసకాయ ముక్కలు పెడతాడు, అంకె చూస్తాడు, రెండు ముక్కలు తీసి పక్కన పడేస్తాడు. ఎక్కువైపోతాయట! సరిగ్గా అప్పుడే పొయ్యి దగ్గర వాళ్లమ్మ ప్యాకెట్ మూల కత్తిరించి మిమ్మల్ని మూకుడులోకి ఒంపుతుంటుంది. గరిటె లేదు, చెంచా లేదు, అంతా చేతి అంచనా. రాత్రికి వాడి యాప్‌లో "బెండకాయ, ఇన్ని గ్రాములు" అని ఎక్కుతుంది. మీ పేరు మాత్రం ఎక్కడా కనపడదు.

లెక్క నేను చెబుతాను, వినండి. పావుకిలో బెండకాయలు మొత్తం కలిపినా 75 క్యాలరీలు, అటూ ఇటుగా. జిగురు పోవాలని, ముక్క కరకరలాడాలని మిమ్మల్ని మూడు పెద్ద చెంచాలు పోస్తే, చెంచాకు 120 చొప్పున 360. పేరు బెండకాయ వేపుడే గానీ అందులో ఐదింట నాలుగు వంతులకు పైగా మీరే. వంకాయ సంగతి ఇంకా ఘోరం. దాని కండ నిండా గాలి గదులే కాబట్టి వేయగానే మిమ్మల్ని తాగేస్తుంది, మూకుడు ఎండినట్టు కనిపిస్తుంది, మళ్లీ పోస్తారు. ముందుగా కాసేపు ఆవిరి మీద మగ్గనిస్తే ఆ గదులు కుంగి తక్కువ పీలుస్తుంది. ఈ మాట గుత్తివంకాయ వండేవాళ్లతో అని చూడండి, గరిటె తీసుకుని వెంటపడతారు.

పైగా మీ అంకె అంత నికరమైన అంకె మరొకటి లేదు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో విల్బర్ ఆట్‌వాటర్ అనే అమెరికా శాస్త్రవేత్త తేల్చిన లెక్కలనే ఇవాళ్టికీ అందరూ వాడుతున్నారు: గ్రాము కొవ్వుకు 9, పిండిపదార్థానికి 4, మాంసకృత్తులకు 4. మీరు ఆపాదమస్తకం కొవ్వే. పల్లీదైనా, పొద్దుతిరుగుడుదైనా, కుసుమలదైనా, తవుడుదైనా 100 గ్రాములకు 900. అదే సోరకాయను తీసుకోండి. నూటికి తొంభై పాళ్లకు పైగా నీళ్లు, మిగిలినదాంట్లో కొంత పీచు, ఆ పీచులో ఒంటికి పట్టేది కొంచెమే. 100 గ్రాములకు 12 నుంచి 15 క్యాలరీలు. లేతదా ముదురుదా అన్నదాన్ని బట్టి తప్పు పోయినా రెండు మూడు క్యాలరీలే పోతుంది. మీ దగ్గర చెయ్యి కాస్త వంగిందంటే తప్పు వందకు తగ్గదు. పిల్లలు ఆ మూడును పట్టుకుని వందను వదిలేస్తున్నారు.

ఇది నా సొంత పైత్యం కాదు. జాతీయ పోషకాహార సంస్థ మాకు దూరమేమీ కాదు, తార్నాకలోనే ఉంది. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్ చేరిన సంస్థ అది. 2024లో అది ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 2000 క్యాలరీల రోజువారీ తిండిలో కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు ఉండాలి, మీరు 27 గ్రాములు. ఆ 400 గ్రాములూ బీరకాయ, టమాటా, పాలకూర అయితే వంద క్యాలరీలు దాటవు. మీ 27 గ్రాములేమో 243.

మరి కూరగాయల్ని అసలు లెక్కలో రాయాలా వద్దా? ఆకుకూరలు, సోర, బీర, దోస, వంకాయ, టమాటా రాయనక్కర్లేదని నా తీర్పు. జీన్ నైడెచ్ 1963లో న్యూయార్క్‌లో స్థాపించిన వెయిట్ వాచర్స్ అనే బరువు తగ్గించే సంస్థ కూడా వీటిలో చాలావాటికి సున్నా పాయింట్లే వేస్తుంది. ఆలుగడ్డ, చేమగడ్డ, పచ్చి బఠానీ మాత్రం కూరగాయల బుట్టలో వచ్చినా అన్నం పక్కన కూర్చోవలసినవే, వాటిని రాయాలి. శామీర్‌పేట చెరువు దగ్గర కాల్చి ఇచ్చే మక్కకంకి కూడా అంతే. చక్కెర జబ్బుకు ఇన్సులిన్ తీసుకునేవాళ్ల లెక్క వేరు, వాళ్లు డాక్టరు చెప్పినట్టు నడవాలి. సున్నా వేస్తే హద్దూ పద్దూ లేకుండా తింటారంటారా? ఉడికించిన సోరకాయ కిలో తిన్నా 150 దాటదు, కిలో పూర్తయ్యేలోపు కడుపే చేతులెత్తేస్తుంది. మావాడు పక్కన పడేసిన దోసకాయ ముక్కల ఆకలి ఊరికే పోలేదు. రాత్రి పదింటికి మిక్చర్ ప్యాకెట్ దగ్గర తేలింది. అందులోనూ మీరే!

రాజీవ్ రహదారి మీది ధాబాల్లో మీరు కూర మీద ఎర్రగా తేలుతూ కనీసం మొహం చూపిస్తారు. ఇంట్లోనే ఈ దొంగాట. అందుకని యాప్ గీప్ జోలికి పోకుండా ఒక ఏర్పాటు చేసుకున్నాం. నలుగురున్న ఇల్లు, మనిషికి రోజుకు 27 గ్రాములు, నెలకు 3 కిలోల 240 గ్రాములు. లీటరు ప్యాకెట్ సుమారు 910 గ్రాములు తూగుతుంది కాబట్టి మూడున్నర ప్యాకెట్లు. చపాతీ, పోపు, పండగ పూట పూరీ అన్నీ అందులోనే సర్దుకోవాలి. ప్రతి ప్యాకెట్ మీదా కత్తిరించిన తేదీ పెన్నుతో రాస్తున్నాం. తూకం మిషన్‌ను మా అక్క పొయ్యి పక్కకు మార్చేసింది. ఇప్పుడు దాని మీదకు ఎక్కేది మీరే.

ఆవకాయ జాడీ విషయం ఈ ఉత్తరంలో ఎత్తను. అక్కడ ముక్క మునిగేదాకా మీరు ఉండాల్సిందే, లేకపోతే బూజు పడుతుంది. దాని జోలికొస్తే మా అక్క నన్నూ ఊరుకోదు.

ఇట్లు,
సోరకాయ, బీరకాయ, తోటకూరల తరఫున,
అలియాబాద్ నుంచి ఒక తిండిప్రియుడు