ఇంటి పన్ను నోటీసు: టీకా తాత్పర్యం

మూలం: "ఫలానా డోరు నంబరు గల ఇంటికి హాలు ఇంటి పన్ను, నీటి పన్ను, లైటింగు, డ్రైనేజీ, గ్రంథాలయ పన్ను, పాత బకాయితో కలిపి మొత్తం సొమ్ము గడువులోగా చెల్లించవలెను. లేనిచో చట్టరీత్యా చర్య తీసుకొనబడును."

అవతారిక: కడియం వంటి పంచాయతీల్లో ఇంటింటికీ అందే గద్యకావ్యం ఇది. రసం భయానకం, ఆఖరి వాక్యంలో రౌద్రం. గణాల బదులు అంకెలు, యతి ఉండవలసిన చోట రబ్బరు స్టాంపు.

ప్రతిపదార్థం: ఇంటికి = మనుషులు ఉండటానికి వీలై, దారి వైపు వేరే గుమ్మం ఉన్న కట్టడానికి (పాకైనా, కొట్టైనా, గోడౌనైనా); హాలు = ఈ సాలుకు; గ్రంథాలయ పన్ను = ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున పడే సెస్సు, లైబ్రరీ గడప తొక్కనివారికీ మినహాయింపు లేదు; పాత బకాయి = కట్టేశామని ఇంటాయన, కట్టలేదని రిజిస్టరు చెప్పేది; తీసుకొనబడును = ఎవరు తీసుకుంటారో చెప్పనవసరం లేని క్రియ.

'ఇంటికి' అన్నచోట కడియంలో చిక్కు ఎక్కువ. కడియపులంక, బుర్రిలంక దాకా పరుచుకున్న నర్సరీల్లో షేడ్‌నెట్ పందిళ్ల కింద కాపురముండేవి క్రోటన్లు, బోగన్‌విల్లాలు. పందిరి ఇల్లు కాదని రైతు వాదం. పందిరి మూల లెక్కలు రాసుకునే గదికి గుమ్మం ఉంది గదా అని ఎదుటి వాదం. గది మట్టుకే ఇల్లని, మొక్కలు అద్దెకున్నవారు కావని చెప్పుకోవడం ఉభయులకూ క్షేమం.

తాత్పర్యం: సొమ్ము కట్టండి.

పూర్వపక్షం: కట్టడానికి అభ్యంతరం లేదు, పెరిగింది ఎందుకు, పోయిన ఏటిది ఎటు పోయింది అన్నదే ప్రశ్న. కడియానికి ఈ శంక పొరుగునుంచీ వస్తుంది. రాజమహేంద్రవరం నగరపాలక సంస్థలో చుట్టుపక్కల పంచాయతీలను కలపాలన్న ప్రతిపాదన వినబడ్డప్పుడల్లా జనం ముందు అడిగేది పన్ను సంగతే; కలిస్తే పడేది పట్టణ పన్ను మరి. 2020 నవంబరులో పట్టణాల ఆస్తి పన్నును అద్దె విలువ నుంచి ఆస్తి మూలధన విలువకు మార్చారు. నివాసాలకు 0.10 నుంచి 0.50 శాతం, ఇతర కట్టడాలకు 0.20 నుంచి 2 శాతం దాకా హద్దులు పెట్టి, పెంపు 15 శాతం మించదని ఊరడించారు. ఆ 15 శాతమే ఏటేటా పడితే 1000 రూపాయల పన్ను అయిదో పెంపుకి 2011 అవుతుంది. ఊరడింపులోని చక్రవడ్డీని విశాఖలోనూ ఇతర పట్టణాల్లోనూ నివాసుల సంఘాలు పట్టుకుని వీధికెక్కాయి.

సంస్కరణకు తక్షణ కారణం వీధి దీపం కాదు. కోవిడ్ ఏట కేంద్రం రాష్ట్రాలకు అదనపు అప్పు తెచ్చుకునే వీలిస్తూ పెట్టిన షరతుల్లో ఆస్తి పన్ను సవరణ ఒకటి. అది తీర్చినందుకు ఆంధ్రప్రదేశ్‌కు 2,525 కోట్ల అప్పుకు అనుమతి దొరికింది. ఇంటాయన పన్ను పెరిగితే ప్రభుత్వానికి అప్పు పుట్టిందన్నమాట.

ఇతిహాసం: ఇలాంటి ప్రశ్న ముదిరిన ఊరు చీరాల. చీరాల, పేరాలలను కలిపి మునిసిపాలిటీ చేసేసరికి ఏటా 4 వేలున్న పన్ను 40 వేలైంది. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద జనం ఇళ్లు వదిలి ఊరి బయట రామనగరం కట్టుకుని దాదాపు పదకొండు నెలలున్నారు. ఇల్లే లేకపోతే ఇంటి పన్నెక్కడిదన్న తర్కం అది; అందరికీ సాగేది కాదు.

సిద్ధాంతం: నోటీసులో రాబడి పద్దులున్నాయి, ఖర్చు పద్దు ఒక్కటీ లేదు. ఖర్చు వేరే గ్రంథం. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఏటా కనీసం రెండుసార్లు జరగాల్సిన గ్రామసభ ముందుకు జమాఖర్చులు, ఆడిట్ నివేదిక రావాలి. కొత్త పన్ను వేయాలన్నా ఉన్నది పెంచాలన్నా ఆ ప్రతిపాదన కూడా రావాలి. గొడవ పడవలసిన చోటు అది. అక్కడ టెంటు కింద ఖాళీ కుర్చీలు, చేతులు మారే సంతకాల పుస్తకం ఉంటాయి. గొడవ మాత్రం నెల తరవాత బిల్లు కలెక్టరు వచ్చినప్పుడు గుమ్మంలో జరుగుతుంది. పాపం, అతనికి రసీదు చింపడం తప్ప వేరే అధికారం లేదు.

పంచాయతీ చేతిలోని డబ్బంతా పంచాయతీది కాదన్నదీ ఇక్కడ చూడాలి. 2021-26 మధ్య 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికి కట్టిపెట్టారు. మిగిలినదైనా సొంతమనుకుంటే, 2021లో ఖాతాల్లోని ఆర్థిక సంఘం నిధులను కరెంటు బకాయిలకు సర్దేశారని రాష్ట్రమంతటా సర్పంచులే ఆందోళనకు దిగారు. జవాబు చెప్పవలసినవాడికే జవాబు దొరకని ఘట్టం అది.

ఫలశ్రుతి: సొమ్ము కట్టి, బకాయి గడిలో సున్నా వేయించుకుని రసీదు దాచినవారికి వచ్చే ఏడు పాత బకాయి పీడ ఉండదు. గ్రామసభ తప్పినవారు సమాచార హక్కు చట్టం కింద జమాఖర్చుల నకలు కోరవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి.