మంత్రి ముక్కుకు కూలి ఎంత?

సరదాను బతుకుతెరువు చేసుకోవచ్చా అన్న మీమాంస షోలాపూర్ తూర్పు పేటల్లో మగ్గం దగ్గరే తేలుతుంది. 1877 నాటి జూనీ బట్టల మిల్లు మూతబడినా, తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలీలు ఇక్కడే నిలిచారు. పవర్‌లూమ్ మీద చద్దర్లు, టవళ్లు తిండి పెడతాయి. చేతిమగ్గం మీద నాయకుల ముఖాలు నేసే వాల్‌హ్యాంగింగ్ పేరు తెస్తుంది. గళ్ల కాగితం మీద బొమ్మ గీసి, రంగు పేకను గడిగడికీ చేత్తో ఎక్కించాలి. మీసం ఒక్క గడి జరిగితే మంత్రిగారు ప్రతిపక్ష నాయకుడైపోతారు. విప్పి మళ్లీ నేయాల్సిందే.

ఇంతా చేస్తే అది బజారు సరుకు కాదు. బొమ్మలో ఉన్నవారే కొనాలి. వారేమో కానుకగా పుచ్చుకుని, ఫొటో దిగి, నేసినవాడికి ఏదో మిల్లు శాలువా కప్పుతారు. చద్దర్ల ఊళ్లో గుడ్డకు కరువొచ్చిందనుకున్నారు కాబోలు! బీడీలు చుట్టే అతని ఇల్లాలికి లెక్క తేట: వెయ్యి బీడీలకు ఇంతని కూలి ఉంది, మంత్రి ముక్కుకు ఏ పట్టికలోనూ రేటు లేదు. అందుకే పగలు టవలు, రాత్రి బొమ్మ. తమ బొమ్మ నేయమని అడ్వాన్సు ఇచ్చే పెళ్లిజంట దొరికితే మాత్రం ఆ వారం టవళ్లకు సెలవు.