తెల్ల కార్డు పద్యం – టీకా తాత్పర్య సహితం

ఆ. తెల్ల కార్డు గలుగ దేవతల్ మెత్తురు
గులబి కార్డు చేతఁ గూడు కరవు
పది సహస్రములకు పై రూక యొక్కటి
ధనికుఁ జేయునంట ధరణియందు

ప్రతిపదార్థం: తెల్ల కార్డు గలుగన్ = పేదవారమని సర్కారు ఒప్పుకోగా; దేవతల్ = ఆసుపత్రి కౌంటరువారు, కాలేజీ గుమస్తాలు మొదలైన వరప్రదాతలు; మెత్తురు = మెచ్చుదురు, అనగా లోపలికి రమ్మందురు; గులబి కార్డు = దారిద్ర్య రేఖకు ఎగువవారి కార్డు; చేతన్ = చేతిలో ఉండగా; కూడు = చౌక బియ్యం; కరవు = రాదు; పది సహస్రములకున్ = పల్లెలో ఇంటిల్లిపాది నెల రాబడి 10,000 రూపాయలకు; పై రూక యొక్కటి = మీద ఒక్క రూపాయి; ధనికున్ చేయునంట = శ్రీమంతుణ్ణి చేస్తుందట; ధరణియందు = భూమి మీద.

తాత్పర్యం: పేదరికం ఉంటే చాలదు, దానికి కార్డు ఉండాలి. ఐశ్వర్యానికి మాత్రం ఒక్క రూపాయి చాలు.

పాఠాంతరం: 'తెల్ల కార్డు' ప్రాచీన పాఠం. 2019 తరవాతి ఆంధ్రప్రదేశ్ ప్రతుల్లో 'బియ్యం కార్డు' అనీ, తెలంగాణ ప్రతుల్లో 'ఆహార భద్రత కార్డు' అనీ కనిపిస్తుంది. ఈ రెండూ గణాలకు ఒదగవు, జనం నోటికీ ఒదగలేదు. పది సహస్రాలన్నది ఆంధ్ర పల్లెల లెక్క, పట్టణమైతే 12,000. తెలంగాణ పల్లెల్లో ఏడాదికి లక్షన్నర కనుక, కృష్ణ దాటినవాడు నెలకు మరో 2,500 దాకా పేదవాడిగా ఉండవచ్చు.

ఛందస్సు: ఆటవెలది. 'గులాబీ'లోని రెండు దీర్ఘాలనూ కవి మింగాడని ఆక్షేపణ. తూకంలో కోత లేనిది రేషన్ పద్యమే కాదని రసికుల సమాధానం.

లింగవిచారం: 2013 నాటి ఆహార భద్రతా చట్టం ప్రకారం కార్డుకు ఇంటిపెద్ద 18 ఏళ్లు నిండినవారిలో పెద్ద ఆడమనిషి. అలాంటప్పుడు 'ధనికుఁ' అని పుంలింగం ఎందుకు? దోషం లేదు. కార్డు ఆమె పేరున, జీతం ఆయన పేరున.

'ధరణియందు' వట్టి పాదపూరణమని కొందరు. అది అజ్ఞానం. ఆంధ్ర నిబంధనలో మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు దాటినవాడు, ఆ మెట్ట మీద చినుకు పడకపోయినా, ధనికుడే. నెలకు 300 యూనిట్లు దాటిన కరెంటు, సొంత కారు కూడా ఉపలక్షణంగా ఇందులోనే గ్రహించాలి. ట్రాక్టరు, ఆటో, టాక్సీలకు మినహాయింపు ఉంది.

ధ్వని: ఇంత పాటూ బియ్యానికేనా అని పూర్వపక్షం. 1983లో ఎన్టీఆర్ కిలో 2 రూపాయలకు ఇచ్చిన రోజుల్లో ఆ అర్థం చెల్లింది. ఇప్పుడు కేంద్ర చట్టం కింద మనిషికి నెలకు 5 కిలోలు, నిరుపేదలైన అంత్యోదయ కుటుంబానికి 35 కిలోలు. 2023 జనవరి నుంచి వాటికి ధర కూడా లేదు. ఆ బియ్యం కొన్ని ఇళ్లలో అన్నమవుతుంది, కొన్ని ఇళ్లలో దోసెల పిండవుతుంది, కొన్ని గుమ్మాల్లోనే చేతులు మారుతుంది. కార్డును మాత్రం ఏ ఇల్లూ వదలదు.

దీనికి సిద్ధాంతం: 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ వైద్య పథకం తెల్ల కార్డుకు ముడిపడింది, పిల్లల ఫీజులూ దాని వెంటే నడిచాయి. కనుక ఈ పద్యంలో బియ్యం వాచ్యం, ఆసుపత్రి వ్యంగ్యం. ఆంధ్రలో తరవాత ఆరోగ్యశ్రీకి వేరే కార్డు ఇచ్చి వాచ్యాన్నీ వ్యంగ్యాన్నీ విడదీశారు గాని, జనం పాత అన్వయమే చేసుకుంటున్నారు. అదీ సహేతుకమే. గుండె ఆపరేషన్ బిల్లు 10,000 వాడికీ 10,001 వాడికీ ఒక్కటే. ఆ ముడి ఉన్న రోజుల్లో రేఖకు దిగువవాడికి కార్డు అండగా నిలిచేది. ఎగువవాడు ఆ ఒక్క రూపాయితోనే కట్టుకోవలసి వచ్చేది.

ఫలశ్రుతి: ఈ పద్యం నిత్యం పఠించేవారికి రేషన్ మిషను మీద వేలిముద్ర తొలిసారికే పడును, ఆసుపత్రి గడప తొక్కే పని పడకుండును, ఆదాయం ఒక్క రూపాయి కూడా పెరగకుండు గాక!